నిచ్చెన గుర్తు పెట్టెలు

తోట ఇల్లు,
సోమవారం మధ్యాహ్నం

వదినగారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం పై పెట్టెలో ఆకుల కింద దొరికి ఉంటుంది. కంగారుపడకండి, అందరం బాగానే ఉన్నాం. తుంటి ఎముక విరిగిన మనిషి ఎంత బాగుండగలడో మీ తమ్ముడు అంత బాగున్నారు. ఫోన్ చేద్దామంటే అది ఆయన తలగడ పక్కనే ఉంటుంది, నేనన్న ప్రతి ముక్కా వింటారు. పైగా మార్కెట్ గోలలో మీరు "ఆఁ? ఏంటీ?" అని అరుస్తుంటే మన ఇంటి సంగతులు వీధి వీధంతా వింటుంది. అందుకని ఇకనుంచి లోడుతో పాటు ఉత్తరం పెడతాను. మీ జవాబు ఖాళీ పెట్టెల్లో పడేసి వ్యాను డ్రైవరుకి ఒక మాట చెప్పండి, చాలు.

అసలు సంగతి ఇది. పోయిన వారం ఆ ప్యాకింగ్ కంపెనీ మనిషి మళ్ళీ వచ్చాడు. తోట పదేళ్ళకి గుత్తకిస్తే అంతా వాళ్ళే చూసుకుంటారట. మనం వరండాలో కూర్చుని మన చెట్లనే చుట్టాల్లా చూస్తూ ఉండొచ్చట. కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్ళాడు. మీ తమ్ముడు సంతకం పెట్టేద్దామన్నారు. "నేను మంచం దిగేది ఎప్పుడో. నువ్వు బట్టలు కుట్టినదానివి, కమలాలు కోసినదానివి కాదు" అన్నారు. కోపంతో కాదు, జాలితోనే అన్నారు. దానికే నాకు ఒళ్ళు మండింది. ఈ ఒక్క పంట నా చేతికివ్వండి అని పట్టుబట్టాను.

చివరికి ఒప్పుకున్నారు. ఒక షరతు పెట్టారు. మన నిచ్చెన గుర్తు పెట్టెని ఇన్నేళ్ళూ మార్కెట్లో మూత తీసి చూడకుండానే కొంటున్నారు కదా, పంట చివర కూడా అలాగే కొంటే తోట మన చేతిలోనే ఉంటుంది. మూత తీసి చూస్తే మాత్రం సంతకమే. కొన్నారో లేదో మీరే చెప్పాలట. "అక్క అబద్ధం చెప్పదు" అన్నారు.

ఇది నా చేతి మొదటి కోత, నలభై రెండు పెట్టెలు. మీ తమ్ముడిలా తొమ్మిదింటికి దుప్పటి దులుపుకుని మొదలుపెట్టలేదు. సూర్యుడు రాకముందే కోత మనుషుల్ని తోటలో నిలబెట్టాను. వాళ్ళు సణిగారు. ఈ తోటకి కొత్త రోజులొచ్చాయని చెప్పాను. పళ్ళు మీరే చూసి చెప్పండి.

మీ మరదలు

* * *

మార్కెట్, కొట్టు పైగది,
గురువారం

మరదలా,

నా గొంతు గురించి ఎంత మాటన్నావు! ఇరవై ఏళ్ళుగా ఆ గొంతుతోనే మీ పళ్ళు అమ్ముతున్నానని మరిచిపోకు.

లోడు అందింది. పోయింది. ఎవరు కొన్నారని అడగకు, వచ్చినవాళ్ళు కొన్నారు. వానగా ఉంది, రద్దీ తక్కువ.

నీ కోత చూసి మా కొట్లో పళ్ళు ఏరే అవ్వ ముచ్చటపడింది. లాగి తెంపిన పండు ఒక్కటీ లేదు, తొడిమ ఒక్కటీ పొడుగు లేదు, పక్క పండుకి గీత పడలేదు. "ఎవరిదే ఈ చెయ్యి?" అంది. "మా మరదలిది, టైలరు" అన్నాను. అంతే, నాలుగు కొట్ల దాకా పాకింది. రోజంతా నన్ను టైలరమ్మ ఆడపడుచు అని పిలిచారు.

తమ్ముడితో అంతా బాగుందని చెప్పు. వాడి మొహాన తొమ్మిదింటి దాకా ఎండ పడకుండా పరదా వెయ్యి. చిన్నప్పుడు నాన్న రోజూ దుప్పటి లాగేవాడు, వాడు మంచం పట్టీని పట్టుకుని మరీ పడుకునేవాడు. దొరగారు ఇప్పుడు హక్కుగా పడుకుని ఉంటాడు.

వదిన

* * *

తోట ఇల్లు,
ఆదివారం

వదినగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. టైలరమ్మ ఆడపడుచు అన్న చోట గట్టిగా నవ్వితే మీ తమ్ముడు ఏంటేంటని అడిగారు. చదివి వినిపించాను. తన నిద్ర సంగతి వచ్చేసరికి గోడవైపు తిరగబోయి, తుంటి గుర్తొచ్చి ఆగిపోయారు.

అరవై పెట్టెలు పంపుతున్నాను. పాత దుప్పటి గుడ్డతో కోత సంచులకి మెత్తటి లోపలి గుడ్డ కుట్టాను, ఇక పండు సంచిలో పడ్డా చప్పుడు రాదు. ఈసారి ఇంకో అరగంట ముందే మొదలుపెట్టించాను. ఆ వేళకి పళ్ళు చల్లగా, నిండుగా, కడిగి పెట్టినట్టుంటాయి. నా వేళ్ళు ఎనిమిదేళ్ళు బొత్తాలు కుట్టినా ఇంత ఆనందం ఎప్పుడూ ఎరగవు. ఇదంతా మీరిచ్చిన ధైర్యమే వదినా. మీరు బాగుందన్నాకే నాకు నమ్మకం కుదిరింది.

మీ మరదలు

* * *

మార్కెట్, కొట్టు పైగది,
శుక్రవారం

మరదలా,

ఈ ఉత్తరం తమ్ముడికి చదవకు. కూర్చుని చదువు.

గొడుగు పెద్దాయన తెలుసుగా. పెద్ద గొడుగు కింద పళ్ళ బండి పెట్టుకునే ఆయన. పద్దెనిమిదేళ్ళుగా మన పెట్టెలు మూత తీయకుండా భుజానికెత్తుకునే మనిషి. నీ రెండో లోడులో ముప్పై ఆరు పెట్టెలు తీసుకెళ్ళాడు, మిగతావి పైఊళ్ళ వాళ్ళు కొనుక్కుపోయారు. ఇవాళ పొద్దున అన్నీ వెనక్కి తెచ్చాడు. అరిచినా బాగుండేది. అరవలేదు. ఒక్కో పెట్టె దించి మూత తీసి, "చూడమ్మా" అన్నాడు, అంతే. మార్కెట్ మొత్తం చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

తోలు మీద మచ్చలు. ఎవరో వేలితో నొక్కినట్టు, వేలిముద్ర మేరకి గోధుమరంగు తిరిగి లోపలికి దిగిపోయి ఉన్నాయి. పండు ఒలిస్తే తీపే, రసమూ ఉంది. పైన మాత్రం చూడబుద్ధి కాదు.

అసలు తప్పు ఇంకొకటుంది, అది నాది. మొదటి లోడు కూడా ఇలాగే అయింది. వానకి రెండు రోజులు కొట్లోనే ఉండిపోయింది. మూడో రోజు మూత తీస్తే ఇవే మచ్చలు. దారిలో కుదుపులకి నలిగి ఉంటాయనుకున్నాను. నీకు చెబితే మొదటి అడుగులోనే కుంగిపోతావనిపించింది. తలుపు వేసుకుని, గరుకు కాగితంతో నలభై రెండు పెట్టెల మీద నిచ్చెన గుర్తు గీకేశాను. రసం తీసేవాళ్ళకి ఊరూ పేరూ లేని పళ్ళలా ఇచ్చేశాను. నీకు మాత్రం బాగానే పోయిందని రాశాను.

అక్క అబద్ధం చెప్పదని తమ్ముడన్న ఉత్తరం నా బల్ల మీదే ఉంది. దాని మీద తక్కెడ రాయి పెట్టాను, కనబడకుండా.

ఈ ముప్పై ఆరు పెట్టెల మీదా గుర్తు గీకేయనా? చెప్పు.

వదిన

* * *

తోట ఇల్లు,
శనివారం

వదినగారికి,

గీకొద్దు. ఒక్కటి కూడా.

మీరు పెద్దవారు, నా మంచికే చేశారు. కానీ మొదటి లోడు నాడే చెప్పి ఉంటే రెండోది అలా కోసేదాన్నా? మీరు బాగుందన్నారు కదా అని ఇంకో అరగంట ముందు కోయించాను. కొలత తప్పిందని మొహం మీద చెప్పినవాళ్ళ దగ్గరే నేను కుట్టుపని నేర్చుకున్నాను వదినా. బాగుందమ్మా అని నవ్వి మళ్ళీ రానివాళ్ళ దగ్గర ఏమీ నేర్చుకోలేదు. మీరు నాకు అలాంటివారు కాకండి.

పెట్టెలు నీడన ఉంచండి. మచ్చ పళ్ళు ఓ పది వ్యానులో పంపండి. వారం రోజులు కోత ఆపేశాను. కారణం తెలిసేదాకా కత్తెర పట్టను.

మరదలు

* * *

తోట ఇల్లు,
శుక్రవారం

వదినా,

తెలిసింది, మచ్చల కారణం తెలిసింది!

మీరు పంపిన పళ్ళ మీద నా వేళ్ళు ఆనించి చూశాను. మచ్చలు వేళ్ళకి సరిగ్గా సరిపోయాయి. నొక్కుడే అనుకున్నాను. కానీ ఈ మనుషులే, ఈ చేతులే కదా ఏటా కోసేది? మారింది నేనూ, వేళా. అందుకని ఒకే చెట్టు నుంచి నాలుగు బుట్టలు కోశాను. ఒకటి సూర్యుడు రాకముందు, ఒకటి తొమ్మిదిన్నరకి, ఒకటి మధ్యాహ్నం, ఒకటి సాయంత్రం. నాలుగూ కుట్టుమిషను కింద పెట్టి కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నాను. మూడో రోజుకి మొదటి బుట్ట నిండా వేలిముద్రలు. మిగతా మూడింట్లో ఒక్క మచ్చ లేదు.

మంచు తడి, వదినా! తడి ఆరకముందు పండు మీద చెయ్యి పడకూడదు. నేను కడిగి పెట్టినట్టుందని మురిసిపోయింది ఆ తడిని చూసే.

మరి ఇన్నేళ్ళూ మీ తమ్ముడికి ఈ సంగతి ఎలా తెలుసు? వెళ్ళి అడిగాను.

"మీరెప్పుడైనా తెల్లారకముందు కోయించారా?"

"తెల్లారకముందు నేనెప్పుడు లేచాను?"

"ఒక్కసారి కూడా లేవలేదా?"

"నాన్న దుప్పటి లాగినా లేవలేదు. నువ్వొచ్చాక లాగేవాళ్ళు కూడా లేరాయె. ఏం, ఎందుకు?"

మంచం పక్కన నేల మీద కూర్చుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఈ తోటకి పేరు తెచ్చింది ఈయనగారి బద్ధకం! అది ఆయనకే తెలియదు. మామయ్యగారు పోయేదాకా తిట్టారు, మీరు వెక్కిరించారు, నేను వచ్చి ఏకంగా మార్చేశాను. నవ్వుతూనే మచ్చల సంగతంతా, వెనక్కొచ్చిన పెట్టెలతో సహా చెప్పేశాను. గీకిన పెట్టెల మాట కూడా చెప్పాను, క్షమించండి. ఆయన అంతా విని, "పంట ఇంకా అయిపోలేదుగా" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయనకి ఎంత రుణపడ్డానో చెప్పలేను.

ఈ కవర్లో ముప్పై ఆరు చీటీలున్నాయి. నా చేత్తోనే రాశాను. పెట్టెకొకటి పైన అంటించి, గుర్తుతోనే అమ్మండి.

"ఈ పళ్ళు మంచు తడి ఆరకముందు కోశాను. తోలు మీద మచ్చ నా తప్పు వల్ల వచ్చింది, లోపల పండు బాగుంది. ఒకటి ఒలుచుకుని తిని, నచ్చితేనే తీసుకోండి. నిచ్చెన గుర్తు తోట మనిషి."

మీ మరదలు

* * *

మార్కెట్, కొట్టు పైగది,
బుధవారం

మరదలా,

నీ చీటీలు చదివి నీకు మతి పోయిందనుకున్నాను. ఈ మార్కెట్లో ఎవరైనా తన పెట్టె మీద తన తప్పు తనే రాసి అంటించడం నేను పుట్టి ఎరగను. ఒక పూటంతా కవరు పట్టుకుని కూర్చున్నాను. చివరికి పళ్ళు ఏరే అవ్వని అడిగాను, మంచు తడికి మచ్చలొస్తాయా అని. "రాకేం? తడి తోలు బిర్రుగా ఉంటుంది, నొక్కితే అందులో నూనె పైకొచ్చి తోలునే కాలుస్తుంది. అందరికీ తెలిసిందేగా" అంది. మరి నాకెందుకు చెప్పలేదే అంటే, "ఇన్నేళ్ళూ మీ పెట్టెల్లో రాలేదు, వచ్చాక నువ్వు అడగలేదు" అంది. ఇరవై ఏళ్ళుగా నా పక్కనే కూర్చున్న మనిషి! నేను తలుపులేసుకుని గుర్తులు గీకి, ఒక్క మాట అడిగితే పోయేదానికి ఇంత చేశాను.

ఇక చీటీలు అంటించాను. మొదట నవ్వారు. పక్క కొట్టువాడు "ఏం టైలరమ్మ ఆడపడుచూ, చిరుగుకి అతుకు వేస్తున్నారా" అన్నాడు. తర్వాత ఒకడు ఒలిచి తిన్నాడు. ఇంకొకడు. సాయంత్రానికి ముప్పై ఆరూ పోయాయి. చిన్న బండ్లవాళ్ళు కొన్నారు. గొడుగు పెద్దాయన మాత్రం ఒక్క పెట్టె కొనలేదు. చీటీ ఒకటి ఊడదీసి, రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నువ్వు తిట్టావు చూడు, ఆ ఉత్తరానికి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు అది దాచుకున్నాను. ఇంత వయసొచ్చాక నన్ను తిట్టి దారిలో పెట్టే మనిషి దొరికింది. నిజంగా సంతోషంగా ఉంది.

రేపటి నుంచి తొమ్మిదిన్నరకి ముందు కత్తెర ముట్టుకున్నావంటే ఊరుకోను.

వదిన

* * *

మార్కెట్, కొట్టు పైగది,
ఇరవై రోజుల తర్వాత, మంగళవారం

మరదలా,

ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఇక దాచేది లేదు. పళ్ళు బంగారంలా వస్తున్నాయి. ఆరు లోడ్లలో మచ్చ పండు ఒక్కటి లేదు. గొడుగు పెద్దాయన మళ్ళీ కొంటున్నాడు. కానీ మూత తీస్తున్నాడు. ప్రతి పెట్టె, ప్రతిసారి. మేకులు ఊడబీకి, పై వరస తీసి, కింది వరస కూడా చూసి, మళ్ళీ మూత కొడుతున్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ తీస్తున్నారు. ఆ మేకుల చప్పుడు వింటుంటే నా పంటినరాలు జివ్వుమంటాయి. నేనేమీ అనలేను. ఆయనకి ఆ హక్కుంది.

పంట ఇంకెన్ని రోజులు?

వదిన

* * *

తోట ఇల్లు,
గురువారం

వదినగారికి,

ఇంకొక్క లోడుకి సరిపడా ఉన్నాయి, ఇంటి పక్క వరసల్లో. ఇంకా ఉంచితే తోలు పొంగి లోపల డొల్ల పడతాయి, అందుకని రేపే కోస్తున్నాను. తొమ్మిదిన్నర తర్వాతే, ఒట్టు. కోత మనుషులు ఇప్పుడు నన్ను కూడా దొరసాని అంటున్నారు.

మీరు ఉన్నదున్నట్టు రాసి ఎంతో మేలు చేశారు. మూతలు తీస్తున్నారని చదివి బాధపడ్డాను, కానీ ఈసారి ఒంటరిగా పడలేదు, మీరూ పడుతున్నారు కదా. కంపెనీ మనిషి సోమవారం వస్తానని కబురు పెట్టాడు. కాగితాలు బల్ల మీద దుమ్ము దులిపి పెట్టాను. ఏం జరిగినా మీ తమ్ముడికి ఉన్నదే చెప్పండి. నా మీద ప్రేమకొద్దీ ఒక్క అక్షరం కలపొద్దు. ఈ పంట నా చేతికి రావడమే నాకు చాలా పెద్ద సంగతి. ఎనిమిదేళ్ళు ఒక కిటికీ ముందు కూర్చుని కుట్టినదాన్ని, ఇన్ని చెట్ల మధ్య తిరిగాను.

మీ మరదలు

* * *

మార్కెట్, కొట్టు పైగది,
శనివారం, వ్యాను వెళ్ళిపోతోంది

మరదలా,

ఇది తమ్ముడికి వినబడేలా గట్టిగా చదువు.

ఆఖరి లోడు దించాం. గొడుగు పెద్దాయన వచ్చాడు. నేనే మేకులు పీకే కొంకి తీసి చేతికివ్వబోయాను. తీసుకోలేదు.

"పైన చీటీ ఏమన్నా ఉందా అమ్మా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

"అయితే మూత తీయడమెందుకు?"

"ఆరు లోడ్లు తీశారుగా పెద్దాయనా."

"తీశాను. తీసి చూసిందే చాలు. తప్పుంటే రాసి అంటించే మనిషి ఆమె. రాయలేదంటే లేదనేగా. పద్దెనిమిదేళ్ళు అలవాటుకొద్దీ తీయలేదు. ఇవాళ తెలిసి తీయడం లేదు."

ఇరవై రెండు పెట్టెలు. ఒక్క మేకు కదల్లేదు. పెట్టె భుజానికెత్తుకుని ఆయన వెళ్తుంటే మార్కెట్ మధ్యలో నిలబడి ఏడ్చాను. నా గొంతు ఎంతదో నీకు తెలుసుగా, అందరూ విన్నారు.

తమ్ముడూ, అడిగావు కాబట్టి చెబుతున్నాను. మీ ఆవిడ పెట్టె మూత తీయకుండా పోయింది. నేను రెండుసార్లు తప్పు చేశాను, ఒకటి గుర్తు గీకడం, ఒకటి దాచడం. తను ఒక్కటే చేసింది, అది మూడు డజన్ల చీటీల మీద రాసి ఊరందరికీ చూపించింది. ఇక నీ ఇష్టం.

అక్క

* * *

తోట ఇల్లు,
మంగళవారం సాయంత్రం

వదినా,

గట్టిగానే చదివాను. ఆయన మళ్ళీ చదవమన్నారు. పెద్దాయన మాట వరకు ఇంకోసారి చదవమన్నారు. తర్వాత, "ఆ కంపెనీ కాగితాలిలా తే, పెన్ను కూడా" అన్నారు.

సంతకం పెట్టేస్తారేమో అనుకున్నాను. షరతు గెలిచాను కదా అని గొణుక్కుంటూనే తెచ్చిచ్చాను. కాగితాలు బోర్లా తిప్పి, అట్ట మీద పెట్టుకుని, వెనక తెల్లవైపు రాయడం మొదలుపెట్టారు. కాసేపటికి తొంగి చూశాను. మన తోట! వరసల వారీగా, చెట్టుకో సున్నా చుట్టి, పక్కన చిన్న అక్షరాలతో రాస్తున్నారు. ఇది ఒక ఏడు విరగకాస్తుంది, మరుసటి ఏడు మొహం చాటేస్తుంది, నమ్మొద్దు. దీని కింద నీళ్ళ గొట్టం ఉంది, పార దించొద్దు. ఈ కొమ్మ ఈ ఏడు నరుకు, ఆ కొమ్మని మాత్రం ముట్టుకోకు.

"ఇవన్నీ నాకు ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వడగలేదు. నాకూ తోచలేదు. నా తల్లో ఉంటే చాలనుకున్నాను" అన్నారు. తర్వాత, నా వంక చూడకుండా, "ఇక నీ దగ్గరుండాలి" అన్నారు.

సోమవారం కంపెనీ మనిషి వచ్చాడు. ఆయన రాస్తూనే ఉన్నారు. కాగితాలేవండీ అంటే, "వాడుకుంటున్నాం" అన్నారు. అతను టీ తాగి వెళ్ళిపోయాడు.

మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు వదినా, దాచినందుకూ, దాచింది చెప్పినందుకూ, నేను తిడితే పడినందుకూ. అన్నీ ఒకే మాటలో చెప్పడం నాకు చేతకాదు.

పదకొండో వరస దగ్గర కాగితాలు అయిపోయాయి. ఇంకా పంతొమ్మిది వరసలున్నాయి. ఆయన పెన్ను పట్టుకుని కూర్చున్నారు. ఖాళీ పెట్టెల్లో తెల్లకాగితాలు పెట్టి పంపండి. ఎక్కువే పంపండి.

మీ మరదలు